నేను కూర్చోకుండానే లేచిన బంతి

ఒక్క చెంబెడు సోడి అంబలితో, అదే రాగి అంబలితో, ఇంటిల్లిపాదినీ హడలగొట్టి, డాక్టరు చేత తల పట్టించి, ఆడపడుచు చేత నడివీధిలో ప్రార్థన చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నెల్లిమర్ల రండి, మా ఇంట్లోనే ఉంటాను. అప్పటికి నాకు వయసు కాస్త తక్కువ, ఒళ్లు చాలా ఎక్కువ. నాకు తెలియని సంగతి ఈ లోకంలో ఒకటుందని ఒప్పుకునే అలవాటు మాత్రం ఇంకా మొదలవలేదు.

ఒళ్లంటే మామూలు ఒళ్లు కాదు. నేను వెనక సీట్లో కూర్చుంటే ఆటో ముందు చక్రం దేవుడికి దండం పెడుతున్నట్టు పైకి లేచేది. మోకాళ్లు పాత తలుపుల్లా కిర్రుమనేవి. షుగరు సరే సరి. అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటే.

మా చర్చిలో ఏటా కోతల పండగకి ప్రేమవిందు పెడతారు. చాపలు పరిచి, ఆకులేసి, అందర్నీ వరసగా నేల మీద కూర్చోబెడతారు. అదే బంతి. బంతిలో పక్కమనిషి మోకాలు తగులుతూ, వాళ్ల ఆకులో ముక్క పెద్దదా మన ఆకులో ముక్క పెద్దదా అని ఓరకంట చూసుకుంటూ తినడంలో ఉన్న రుచి ఇంట్లో ఏం వండినా రాదు. నేను కింద కూర్చోలేనని నాకు చివర్న ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. ఒళ్లో పళ్లెం పెట్టుకుని అందరి నడినెత్తులూ చూస్తూ తినేదాన్ని. కూర అదే, చారు అదే. కుర్చీలోకి ఎక్కేసరికి చప్పబడిపోయేవి.

అందుకే విశాఖపట్నంలో డాక్టరు, కడుపు చిన్నది చేస్తే ఒళ్లు తగ్గుతుందని చెప్పినప్పుడు నేను ఒక్కటే అడిగాను.

"బాబూ, కింద కూకోగలనా?"

"కూర్చోవడమేంటమ్మా, పరిగెడతారు."

"పరుగు నాకెందుకు? కూకుంటే సాలు."

మా కోడలు సుగుణ ఇంటిని సిద్ధం చేసింది. డిగ్రీ చదివిన పిల్ల, పని చక్కగా చేస్తుంది, ఖర్చు దగ్గరే కాస్త చెయ్యి జారుతుంది. నా మంచం బాత్రూం పక్క గదిలోకి మార్చింది. తల ఎత్తుగా ఉండాలని దిళ్లు పేర్చింది. అంతవరకు బాగానే ఉంది. ఆపరేషనయ్యాక కొంచెం కొంచెం తాగాలంట, కొలత గిన్నెలు కొంటానంది.

"అటక మీద ఉగ్గుగిన్నె ఉన్నాది కదే. నీ మొగుడు దాంతోనే పెరిగినాడు."

"అత్తా, అది పసిపిల్లల్ది."

"కోసేసినాక నా కడుపు మాత్రం పెద్దమనిషిదేటి? దించు."

దించింది. చింతపండేసి నేనే తోమాను. అంచు దగ్గర చిన్న సొట్ట. మావాడు పళ్లొచ్చిన కొత్తలో కొరికి పెట్టిన సొట్ట అది. దాన్ని చూస్తూ కాసేపు తోమడం మర్చిపోయాను.

ఆపరేషనయింది. కళ్లు తెరిచేసరికి చేతికి సెలైను, పక్కన మా ఇంటాయన. జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి కదా, ఆస్పత్రిలో కూడా మర మోగుతున్నట్టే గట్టిగా మాట్లాడతాడు. ఇంతలో నర్సమ్మాయి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో మూడు రంగు బంతులు, పక్కన పైపు. పైపు నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి లాగితే బంతులు పైకి లేవాలట. ఆ వివరం చెప్పిందో లేదో, చెప్పినా మత్తులో నాకెక్కలేదు. కాసేపాగి మళ్లీ వచ్చింది.

"మామ్మా, బంతి లేచిందా?"

దిండు మీంచి తల ఎత్తాను. "నాను కూకోకుండానే బంతి లేసిపోడమేటమ్మా?"

"మీరు లేపితేనే లేస్తుంది మామ్మా."

"అన్నాలు తింటన్నోల్లని నానెందుకు లేపుతాను, పాపం తగలదా?"

మా ఇంటాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, మొత్తం వార్డుకి చెప్పి నవ్వించి వచ్చాడని.

ఆస్పత్రిలో నాకు ఆకలి వెయ్యలేదు, నిజం చెప్పాలి. వేసింది బెంగ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ మీద పెట్టుకున్న బెంగ ఎలాంటిదో, నోటికి సరిగ్గా అలాంటిదే వచ్చింది. అదీ బిరియానీ మీద కాదు. సోడి అంబలి మీద. ముందురోజు కలిపి ఉంచిన సోడిపిండి పొద్దుటికి పులిసి, కాచి చల్లార్చాక అందులో ఇంత మజ్జిగ, ఇంత ఉల్లిపాయ పడితే వచ్చే ఆ వాసన. మా అమ్మ పొలం గట్టు మీద చెంబు అందిస్తే గుక్క తిప్పుకోకుండా తాగేదాన్ని. కళ్లు మూసుకుంటే ఆ చెంబు, కళ్లు తెరిస్తే నర్సు చేతిలో చెంచాడు నీళ్లు.

ఇంటికి పంపే రోజు సుగుణ మందుల షాపుకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే నర్సమ్మాయి వచ్చి చెప్పింది.

"మామ్మా, ఇంటికెళ్లాక ముందు క్లియర్ లిక్విడ్సే. అంటే తేట నీళ్లు, కొబ్బరినీళ్లు. సోమవారం నుంచి ఫుల్ లిక్విడ్స్. అర్థమైందా?"

నేను ఐదో తరగతి మధ్యలో మానేసిన దాన్ని. కానీ క్లియర్ తెలీదా, ఫుల్ తెలీదా? బస్సు ఫుల్లు, సినిమాహాలు ఫుల్లు, ట్యాంకు ఫుల్లు. తల ఊపాను. పాడుతల.

ఇంటికొచ్చాక సుగుణకి చెప్పాను. "సోమారం దాకా తేటనీల్లు ఉగ్గుగిన్నెతో. సోమారం నుంచి ఫుల్."

"ఫుల్ అంటే ఎంతత్తా?"

"ఫుల్లంటే ఎంతేటి? ఫుల్లంటే ఫుల్లే. డిగ్రీ సదివినావు, ఆమాత్రం తెలీదా?"

"ఫోన్ చేసి అడగనా?"

"అడిగి నా పరువు తీస్తావేటి?"

పిల్ల ఫోను పక్కన పెట్టేసింది. మా ఇంటాయన మాత్రం గడ్డం గోక్కుంటూ అన్నాడు. "మా మిల్లు గేటు కాడ ఫుల్లంటే ఒకటే అర్దం."

ఆ పెద్దమనిషి అక్కడితో ఆగితే బాగుండేది. రాజాంలో ఉన్న తన చెల్లెలు రాహేలుకి ఫోన్ చేసి, "సోమారం నుంచి మీ వదిన్ని ఫుల్ తాగమన్నాడే డాక్టరు" అని చెప్పి పెట్టేశాడు. రాహేలు మా స్త్రీల సమాజంలో తాగుడుకి వ్యతిరేకంగా నాతోపాటు గొంతు చించుకున్న మనిషి. సోమవారం పొద్దున్నే ఆటో దిగి, గుమ్మంలోకి కూడా రాకుండా వీధిలోనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రబువా, ఈ ఇంటిని తాగుడు సాతాను నుంచి కాపాడు."

ఎదురింటివాళ్లు బయటికొచ్చి మా ఇంటాయన్ని ఎగాదిగా చూశారు. ఆయనకి తగిన శాస్తి జరిగిందని నేను సంతోషించాను. నా శాస్తి వంటింట్లో చల్లారుతోందని తెలీదు.

"ఓలమ్మ, అంబలా?" అని రాహేలు లోపలికొచ్చి, సుగుణ కాచిన కుండ చూసి ఊపిరి పీల్చుకుంది. "అంబలైతే తాగు వదినా. ఒంటికి సలవ."

సుగుణ ఉగ్గుగిన్నె తెచ్చింది. నేను పక్కకి తోసి చెంబు అందుకున్నాను. కుండెడు కాచింది, పారబోస్తామా? పైగా వచ్చే ఆదివారమే కోతల పండగ. అప్పటికే కాస్త తగ్గాను. ఎవరూ చూడనప్పుడు పీట మీద కూర్చుని లేవడం అలవాటు చేసుకుంటున్నాను. ఒంట్లోకి బలం రావాలి కదా.

మొదటి గుక్క లోపలికి వెళ్లింది. ఏం చెప్పను. పొలం గట్టు, మా అమ్మ, ఆవిడ చీరకొంగు తడి, అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి. రెండో గుక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడ ఆపాల్సింది. అమ్మ చేతి చెంబుని మధ్యలో ఎవరు దించుతారు? దించకుండా తాగేశాను.

తర్వాత గుండెల మీద రోలు పెట్టినట్టయింది. ఎక్కిళ్లు. నొప్పి భుజం దాకా పాకింది. తాగిందంతా వెనక్కి వచ్చింది.

"ఏటయ్యిందత్తా?" అని సుగుణ.

"ఫుల్లయ్యింది" అన్నాను.

కారులో విశాఖపట్నం పోతున్నంతసేపూ రాహేలు అంబలి కూడా సాతానేనని తీర్మానిస్తూనే ఉంది. డాక్టరు అడిగాడు.

"ఎంత తాగారమ్మా?"

"మీరు సెప్పినంతే. ఫుల్."

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అమ్మా, ఫుల్ లిక్విడ్ అంటే చిక్కటివి. పాలు, జావ, సూపు. చిక్కదనం మారుతుందమ్మా, కొలత మారదు. చెంచా చెంచాగానే."

స్కానింగు తీశారు. కుట్లు చెదరలేదు, నా అదృష్టం అన్నారు. కానీ ఇంటికి పంపలేదు. మళ్లీ సెలైను, మళ్లీ మొదటి నుంచి తేటనీళ్లు. ఆదివారం వచ్చింది. మంచం మీద నుంచి చర్చిలో ఉన్న సుగుణకి ఫోన్ చేశాను. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు, ఎవరో పులుసు గిన్నె ఎత్తెయ్యమని కేకెయ్యడం. ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. అదుముకుంటే వాసన వస్తుందేమో అన్నట్టు.

"నాకు సోటు ఉంచినారా?"

"బంతి లేసిపోయిందత్తా" అంది మెల్లగా.

అప్పుడే నర్సమ్మాయి ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వచ్చింది. "మామ్మా, ఈరోజు బంతి లేపలేదు మీరు."

ఈసారి మా ఇంటాయన నవ్వలేదు. డబ్బా తీసుకుని పైపు నా నోటికి అందించాడు.

ఆ తర్వాత ఏడాది కోతల పండగకి ఆటో ముందు చక్రం నేల మీదే ఉంది. చర్చి ఆవరణలో ఎవరో అలవాటుకొద్దీ కుర్చీ వేస్తుంటే తీసి అవతల పెట్టించాను. రాహేలు పక్కన, గోడ పట్టుకోకుండా, మఠం వేసుకుని కూర్చున్నాను. ఆకు పడింది. వడ్డించేవాడు గరిటె ఎత్తితే, "ఉగ్గుగిన్నెడు సాలురా" అన్నాను. ఒళ్లున్నప్పుడు ఆకు నిండా తినగలను, కూర్చోలేను. ఇప్పుడు కూర్చోగలను, తినలేను. ఎవరితో చెప్పుకోను?

కానీ మా బంతికి ఒక పద్ధతి ఉంది. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. డాక్టరేమో ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలమన్నాడు. నమిలాను. అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి. చేతులు ఎండిపోయాయి. పాస్టరుగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"వదినా, ఇంకా అవలేదేటి?" అంది రాహేలు.

"కూకోండి" అన్నాను. "నాను లేస్తేగాని బంతి లేవదు."

పక్కమనిషి మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఇంకో ముద్ద ఇంకా మెల్లగా నమిలాను.

కాబట్టి నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ ఇంగ్లీషు మాట అన్నా తల ఊపను. ఎంత, దేంతో, ఏ గిన్నెతో అని అడిగి, చెప్పిందాన్ని కోడలి చేత మళ్లీ చెప్పించుకున్నాకే నోరు తెరుస్తాను. ఉగ్గుగిన్నె దాటి అంబలి ముట్టను. చెంబుని మాత్రం అటక ఎక్కించనివ్వలేదు, మంచం ఎదురుగా గూట్లోనే ఉంచుకున్నాను. చూడ్డానికి కొలత లేదని డాక్టర్ని అడిగి మరీ తెలుసుకున్నాను.