చేతుల కుర్చీలు, అద్దపు బల్ల

బస్సులో ఆమె గొంతెత్తిందంటే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు కూడా నోరు మూసుకుని లోపలికి జరిగేవారు. డిపోలో అందరూ ఆమెను విజిలక్క అనేవారు. కండక్టరు బతుకు నిలబడి బతికే బతుకు కదా, తిండి కూడా నిలబడే. రెండు ట్రిప్పుల మధ్య డిపో గోడకు ఆనుకుని, ఎడంచేత్తో డబ్బా పట్టుకుని నాలుగు ముద్దలు మింగడం, చెయ్యి కడుక్కోవడం, రైట్ రైట్.

అందుకే ఒంటరిగా ఉన్న రోజుల్లో ముచ్చటపడి ఒక భోజనాల బల్ల కొనుక్కుంది. స్టీలు కాళ్ళు, పైన అద్దం. దానికి జోడీగా పేముతో అల్లిన నాలుగు కుర్చీలు, ఒక్క వేలితో జరిపేంత తేలికవి. తినేది తనొక్కతే అయినా డ్యూటీ దిగి వచ్చాక ఆ బల్ల ముందు కూర్చుని, కాళ్ళు బార చాపుకుని, తీరిగ్గా తినేది.

యాభై దాటాక ఆమెకు చత్వారం వచ్చింది. టిక్కెట్ల మీద అంకెలు అలుక్కుపోతుంటే పేటలో ఉన్న కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. అద్దాలు మార్పించుకోవడానికని వెళ్ళిన మనిషి ఫ్రేము వదులైందని ఓసారి, బిగుతైందని ఓసారి వెళ్ళి, చివరికి దుకాణం ఆయన్నే పెళ్ళి చేసుకుంది. భార్య పోయిన మనిషి. నిలువెత్తు విగ్రహం, మెత్తటి మాట. ఏ చిక్కు వచ్చినా "సర్దుకుందాంలే" అనేవాడు. పొద్దస్తమానం సీట్ల కోసం కొట్టుకునే జనాన్ని చూసి చూసి విసిగిన విజిలక్కకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుండేది.

ఆయన ఇంటికి ఆమె తన బల్లా కుర్చీలూ వ్యానులో వేసుకుని వెళ్ళింది. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఆ ఇంట్లో వంటింటికీ ముందుగదికీ నడుమ చిన్న భోజనాల గది. అందులో ఆరు నల్లచెక్క కుర్చీలు. ఒక్కొక్కటీ గున్న ఏనుగంత. వీపు పట్టె నిండా చెక్కిన తీగలు, ఆకులు, నడిమధ్యన ఉబ్బెత్తుగా ఒక పువ్వు. పెద్దపెద్ద చేతులు. కాళ్ళ చివర జంతువుల గోళ్ళు. వాటి బల్ల చెదలు పట్టి ఏనాడో పోయింది. కుర్చీలు మాత్రం చెక్కుచెదరలేదు.

"అమ్మ కుర్చీలు తీసేయడానికి వీల్లేదు" అంది ఆయన కూతురు. హోటళ్ళకు తెరలూ పరుపులూ అమ్మే కంపెనీలో పనిచేస్తుంది, అదే ఊళ్ళో వేరే కాపురం. "మీ బల్ల తీసేయమనీ అనను పిన్నీ. రెండూ కలుపుదాం. ఇప్పుడంతా కాంట్రాస్టే. పాతకాలం చెక్క, కొత్తకాలం అద్దం. ఇదిగో చూడండి" అంటూ ఫోన్‌లో ఫొటోలు చూపించింది. ఫొటోల్లో గదులు బాగానే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ కూర్చుని తింటున్న మనిషి లేడు.

"బాగుంది. సర్దుకుందాం" అన్నాడాయన.

పేము కుర్చీలు అటకెక్కాయి.

మొదటి పూటే తెలిసిపోయింది. నల్లకుర్చీల చేతులు బల్ల అంచుకన్నా రెండు వేళ్ళు ఎత్తు. కుర్చీ బల్ల కిందికి దూరదు. కూర్చుంటే కంచం ఆమడ దూరంలో ఉంటుంది. ముందుకు వంగితే అన్నం ఒళ్ళో పడుతుంది, వెనక్కి ఆనితే చెక్కిన పువ్వు సరిగ్గా వెన్నుపూస మీద గుచ్చుకుంటుంది. కుర్చీలు గదిలోకి పొడుచుకొచ్చి వంటింటి దారి మూసుకుపోయింది. గిన్నె పట్టుకుని పక్కవాటుగా నడిస్తే తుంటికి దెబ్బ. ఓ రోజు పొద్దున్నే డ్యూటీకి పరుగెడుతుంటే చెక్క ఆకు ఒకటి యూనిఫాం జేబును పట్టుకుని పర్రున చింపేసింది. చిరిగిన జేబుతోనే వెళ్ళి పై అధికారి చేత మాటలు పడింది.

కొత్తగా వచ్చిన ఇల్లు, పోయినావిడ వస్తువులు. నోరు తెరిస్తే సవతితల్లి బుద్ధి అంటారు. తెరవకపోతే నడుం విరుగుతోంది. కక్కలేక మింగలేక ఉంది ఆమె పని. బస్సెక్కి జనం మీద అరిచేది.

"ఏంటక్కా, ఈమధ్య విజిల్ కూడా తిట్టినట్టే ఊదుతున్నావు?" అన్నాడు డ్రైవరు.

"ఇంట్లో సీటు దొరకడం లేదురా" అంది.

తనకు తోచిన వైద్యాలన్నీ చేసింది. బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు లేపింది. కుర్చీల చేతులైతే దూరాయి గానీ కంచం గడ్డం దాకా వచ్చింది. చంటిపిల్లలా మెడ చాచి తినాల్సొచ్చింది. కుర్చీల మీద దిండ్లు వేస్తే కాళ్ళు నేలకందక గాల్లో ఊగాయి. కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని కూడా చూసింది, ఎవరూ లేనప్పుడు. ఆదివారం కూతురు వచ్చి, చెక్కముక్కలు తీసేసి, దిండ్లు సోఫాలోకి విసిరి, బల్ల మధ్యన పొడుగుపాటి గుడ్డ పరిచి, "అబ్బ, ఇప్పుడు చూడండి ఎంత కళగా ఉందో!" అని ఫొటో తీసుకుని వెళ్ళింది.

అన్నిటికన్నా ఒళ్ళు మండించేది ఆయన నిదానం. ఆయన పొడుగు మనిషి. ఆ కుర్చీలో కూర్చుంటే పువ్వు నడుం కిందికి పోయేది, తన చేతులు పొడుగు కాబట్టి కంచం అందేది. హాయిగా తింటూ పేపరు చదివేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

"ఏవండీ, ఈ కుర్చీల చేతులు కోయిస్తాను" అంది ఓ రోజు, మొండిగా.

"నీ ఇష్టం" అన్నాడు పేపర్లోంచే.

ఆదివారం వడ్రంగిని పిలిచింది. అతను ఒక కుర్చీని ఒరగబెట్టి, చేతుల మీద పెన్సిలుతో గీతలు గీసి, రంపం తీసే వేళకు కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా! ఏంటిది? అమ్మ కుర్చీలు కోయిస్తున్నారా?"

ఆయన రంపం వంక, కూతురి వంక, పెళ్ళాం వంక చూశాడు. "అదేం లేదమ్మా. చూద్దాం. సర్దుకుందాంలే" అన్నాడు.

విజిలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరండీ సర్దుకునేది? ఈ ఇంట్లో సర్దుకుందాం అంటే నువ్వు సర్దుకో అనేగా అర్థం! మీరే రోజైనా సర్దుకున్నారా? మొన్న నీ ఇష్టం అన్నారు. ఇవాళ అదేం లేదంటున్నారు. తిట్టినా పోనిద్దును, ఒక్క మాట మీద నిలబడరే!"

"నాన్నని అనకండి" అంది కూతురు. "అమ్మ ఇన్నేళ్ళు కూర్చోలేదా వీటిలో? ఆవిడకు లేని నొప్పి మీకేంటి?"

వడ్రంగి రంపం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్ళజోళ్ళాయన మెల్లగా కుర్చీ చేతి మీది పెన్సిలు గీతను వేలితో తుడిచాడు.

"మీ అమ్మ కూర్చోలేదు" అన్నాడు.

"ఏంటి?"

"వంటింటి గుమ్మంలో పీట వేసుకుని తినేది కదా. గుర్తులేదూ?"

"అది... మనకు వడ్డించడానికి వీలుగా ఉంటుందని."

"నడుం గుచ్చుకుంటోందని చెప్పింది ఒకసారి. సర్దుకుందాంలే అన్నాను. మళ్ళీ చెప్పలేదు."



"కోయనా, వద్దా?" అన్నాడు వడ్రంగి. అతను ముగ్గురి వంకా చూసి, మంచినీళ్ళు తాగి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

గెలిచిన సంతోషం రావాలి నిజానికి. రాలేదు సరికదా, విజిలక్క కోపం రెండింతలైంది. ఇన్నాళ్ళూ ఏ మనిషిని తలుచుకుని లోలోపల పళ్ళు నూరిందో ఆ మనిషే గుమ్మంలో పీట మీద కనిపించడం మొదలెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళ నడుములు, ఒకే మాట. ఆ వారమంతా ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది. తను మాత్రం కంచం పట్టుకెళ్ళి ముందుగది కిటికీ దగ్గర నిలబడి తినేది, డిపోలో తిన్నట్టే. అంత ముచ్చటపడి కొనుక్కున్న బల్ల ఎదురుగా ఉండగా.

ఒక మధ్యాహ్నం ఆయన దుకాణం మూసి వచ్చి, నిచ్చెన వేసుకుని, అటక మీది పేము కుర్చీలు తనే దించాడు. వాటిలో ఒకదాని అల్లిక ఎలుకలు కొరికేశాయి. నల్లకుర్చీలు రెండు దుకాణానికి పట్టుకెళ్ళాడు. రెండు కూతురు వ్యాను పంపించి తీసుకెళ్ళింది, తను రాకుండా. మిగిలిన రెండూ ఎటూ పోక గోడవారగా ఉండిపోయాయి. ఆయన పేము కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు అద్దానికి తగిలేవి. పేపరు విప్పడానికి చోటుండేది కాదు. మడిచి పక్కన పెట్టి, పక్కకు తిరిగి తినేవాడు. ఆమె చూసి ఊరుకునేది. జాలి పడాలా వద్దా అన్నది ఆమెకే తేలలేదు.

గది మాత్రం పళ్ళూడిన నోరులా తయారైంది. వచ్చిన ప్రతివాళ్ళూ "ఇదేంటి, ఇల్లు మారుతున్నారా?" అనడమే.

కూతురు చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజున ఫోన్ తీయలేదు, సంచిలోంచి కొలత టేపు తీసింది. బల్ల ఎత్తు, గోడ పొడవు, వంటింటి దారి వెడల్పు కొలుచుకుంది. పేము కుర్చీలో కూర్చుని లేచి చూసింది. అప్పుడంది:

"మారాల్సింది కుర్చీలు కాదు పిన్నీ, బల్ల. గుండ్రటి చెక్కబల్ల ఒకటి వేస్తే మీ కుర్చీలూ అమ్మవీ రెండూ పడతాయి."

"నా బల్ల జోలికి రాకు!" అంది విజిలక్క. "మీ అమ్మ కుర్చీలు మీకెంతో నా బల్ల నాకంత. కాంట్రాస్టూ గీంట్రాస్టూ మీ హోటళ్ళలో పెట్టుకో."

"అబ్బ, నువ్వు వినవే! ఈ అద్దానికి ఏదీ కలవదు. మోటుగా ఉంది" అంది కూతురు. ఆ విసురులో మీరు కాస్తా నువ్వైంది.

"మోటుదా? దీన్ని కొన్నప్పుడు నువ్వు జడలు వేసుకుని తిరుగుతున్నావు. నీకేం తెలుసు!"

"తెలుసు కాబట్టే చెప్తున్నా!"

బల్ల మీద వడ్డించిన కూర చల్లారిపోతోంది. ఇద్దరూ టేపు చెరో కొసా పట్టుకుని బస్టాండు దద్దరిల్లేలా వాదించుకుంటున్నారు. కళ్ళజోళ్ళాయన ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. ఆయన నోరు మూసుకుని, ఖాళీ అయిన నీళ్ళ జగ్గు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.