లేని సుడి

పదేళ్లుగా ఒక ఎద్దును మోస్తున్నాను. నవ్వకండి. నా నోట్లో పడితే ఎలుక ఏనుగవుతుందని మీకు తెలుసు. ఈ ఎద్దు బరువు మాత్రం నేను పెంచింది కాదు.

కరువు ఏడాది. పెబ్బేరు సంతకు పదివేల పశువులు వచ్చాయి. సరే, మూడు వందలు. వనపర్తి వైపు నుంచి బాలమ్మ అనే ఒంటరి మనిషి తనకున్న ఒక్క ఎద్దును తోలుకొచ్చింది. ఇంట్లో మేత అయిపోయింది. అమ్ముడుపోతే అది మేత ఉన్నవాడి కొట్టంలో బతుకుతుంది. లేకుంటే చస్తుంది.

మా దగ్గర ఎద్దును కొనేవాడు పళ్లకంటే ముందు సుడులు చూస్తాడు. వెంట్రుకలు ఏ చోట తిరిగాయన్నదాన్ని బట్టి ఇంటికి మంచో చెడో తేలుస్తాడు. సుడుల సంగతి తెలిసినవాడినని నాకు పేరు. ఆ రోజు నలుగురు బేరగాళ్లు చుట్టూ చేరి నవ్వించమన్నారు. ఎదురుగా ఆ ఎద్దు కనబడింది.

"దీనికి పాడెసుడి ఉన్నది రా, కొన్నోడు పాడెక్కుడే. తోక మొదట్ల, తోలు లోపట. మామూలు కండ్లకు ఆనదు" అన్నాను.

పడీపడీ నవ్వారు. తర్వాత వేరే సంతలకు పోయారు. పొద్దు వాలేసరికి నవ్వు రాలిపోయింది, సుడి మిగిలింది. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు.

మరుసటి సంతకు ఆ ఎద్దు అమ్ముడుపోక మళ్లీ వచ్చింది. నాకు భయం పట్టుకుంది. కనబడ్డవాడినల్లా ఆపి, ఆ ఎద్దుకు పాడెసుడి లేదని చెప్పాను. అప్పటిదాకా ఆ మాట విననివాళ్లూ అలా విన్నారు. దాన్ని కొన్న కొత్తకోట మనిషి వారంలో పోయాడని ఒకడు నాకే చెప్పాడు. అసలు ఎవరూ కొననేలేదు!

చివరికి బాలమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, నీ కాల్మొక్త, జర ఊకో."

"నీ మేలుకే గదమ్మా, సుడి లేదని చెప్తున్న."

"నువ్వు లేదు లేదన్నకొద్ది గీళ్లు తోక లేపి సూస్తుండ్రు. లేనిదాన్ని గింతగనం లేదంటరా ఎవరన్న? గా మాట పుట్టిచ్చినోణ్ణి పట్టుకొచ్చి, అబద్ధమాడిన అని వాని నోటితోనే అనిపియ్యి. అయిపాయె."

వాణ్ణి పట్టుకురావడానికి నేనెంత దూరం పోవాలి? ఒక్క అడుగు కూడా కాదు.

"ఎవడో తెల్వదమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? పేరు పోతుందనా? లేక, అబద్ధాన్ని ఖండిస్తూ తిరుగుతున్న మంచివాడిగా నన్ను నేను చూసుకోవడం అప్పటికే రుచి మరిగి, ఆ వేషం విప్పబుద్ధి కాకనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ సాయంత్రం ఎద్దు ఇంటిదారిలోనే కూలబడింది. మళ్లీ లేవలేదు. "సుడి ఊకెనే పోతదా?" అన్నారు జనం. ఆకలి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సుడి లేదని వెయ్యి మందికి చెప్పాను. కాదు, ఇరవై మందికి. అది సగం మాట. మిగతా సగం ఆమె అడిగింది, నేను దాచుకున్నాను. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు. మీకు చెబితే ఎద్దు లేచి రాదు. అయినా చెబుతున్నాను.

ఆ సుడిని పుట్టించింది నేను.

ఈ మాటలో తగ్గించడానికేమీ లేదు.