కంది గింజంత ముఖం

మొన్న వికారాబాద్‌లో కండ్ల డాక్టర్ దగ్గర నా పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న ఆమె కొత్త ఇల్లు కట్టుకుంటోందట, నేలకు తాండూరు బండలు వేయిస్తుందట. నేను అడగకుండానే ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "చూడక్కా, గీ సేటు వాళ్ల నాయిన సొంత చేతులతోని రాళ్లు కొట్టిండంట. కష్టపడి పైకొచ్చినోళ్లు. వాళ్ల దగ్గర్నే తీస్కుంటున్నం" అంది. అది బండల కంపెనీ వెబ్‌సైటు. అందులో పాత ఫోటో. తెల్ల ధోతి కట్టిన ఒక్క మనిషి, చేతిలో సమ్మెట, వెనక ఖాళీ గని. నా నోట్లోకి పుల్లటి నీళ్లు వచ్చాయి. లేచి బయటికి పోయి ఉమ్మి వచ్చాను. ఆమె నాకు పైత్యం చేసిందనుకొని పుల్లటి బిళ్ల ఒకటి ఇచ్చింది. మంచిదే పాపం, చప్పరించాను.

ఆ ఫోటో తయారైంది నా బిడ్డ కంప్యూటర్‌లో. బిడ్డ డిజైనర్. స్టేషన్ రోడ్డులో చిన్న దుకాణం. ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు, వెబ్‌సైట్లు అన్నీ తనే చేస్తుంది. నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చాయి. చర్చి అయ్యగారి భార్య సాయంత్రాలు పలక పట్టించి నేర్పింది. నేర్చుకున్న కొత్తలో కనిపించిన గోడనల్లా చదివేదాన్ని, బస్సు మీది రాతలు కూడా వదిలేదాన్ని కాదు. ఇప్పుడు ఊళ్లో చదవడానికి దొరికేవి సగం నా బిడ్డ చేసినవే, అన్నీ అబద్ధాలే. ఇంత వయసులో కండ్లు పొడుచుకొని చదువు నేర్చింది వీటికోసమా అని రోత పుడుతుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొనిపోయి, తను తినేదాకా వెనక స్టూలు మీద కూర్చుంటాను కదా, అంతా చూస్తాను. వచ్చినవాళ్లు బిడ్డ కుర్చీ వెనక నిలబడి, మిర్చి బజ్జీ తిన్న వేలు తెరకు ఆనించి, "పొట్ట జర లోపలికి నూకు", "ముఖం తెల్లగ చెయ్, మస్తు తెల్లగ", "మా బామ్మర్దిది గంత పెద్ద ఫోటో ఎందుకు?" అంటారు. ఒకడైతే తల్లి చచ్చిపోతే పెట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో నల్లద్దాల ఫోటో పెట్టించుకున్నాడు. తల్లి మూలకు, వీడు నడుమ. వాళ్లు పోయాక బిడ్డ గుడ్డతో తెర మీది నూనె తుడుస్తుంది. ఇందుకేనా నువ్వు చదివింది అంటే నవ్వుతుంది.

రెండేండ్ల కింద, ఒక ఎండాకాలం, తాండూరు నుంచి ఆ ఫోటోలోని సేటు కొడుకు వచ్చాడు. కంపెనీకి వెబ్‌సైటు కావాలన్నాడు. తండ్రి పాత ఫోటో ఒకటి తెచ్చాడు. నేను డబ్బాతో లోపలికి పోయేసరికి అది తెర మీద ఉంది. సేటు చేతిలో సమ్మెట. వెనక, పక్కన ఉన్న కూలీలను బిడ్డ ఒక్కొక్కరిని చెరిపేస్తోంది. చివరివాడికి నడుము కింద కాళ్లు లేవు, కాళ్లున్న చోట రాళ్లు పరిచింది. ఆ సగం మనిషి తలకు రుమాలు, దాని కొస ఎడమ చెవి మీదికి వదిలి ఉంది. ఆ గనిలోనే రాళ్లు కొట్టిన మా నాయనకు చిన్నతనంలో చీము పట్టి ఆ చెవి వినపడకుండా పోయింది. గాలి తగిలితే పోటు అని ఎండాకాలంలో కూడా కప్పుకొనే తిరిగేవాడు. ఆయన పోయేనాటికి నేను లంగా కట్టే పిల్లను. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. మాలాంటి వాళ్లను ఎవరు తీస్తారు?

"ఆగే! గాయన మా నాయిన. నీ తాత" అన్నాను.

బిడ్డ చెయ్యి ఆగింది. ఏదో మీట నొక్కింది, నాయన కాళ్లు వచ్చాయి. సేటు కొడుకు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "గనిల మస్తు మంది పనిచేసిన్రు పెద్దమ్మా. అందర్ని పెడితే మా నాయిన ఏడ కనిపిస్తడు?" అన్నాడు.

"మీ నాయిన గని చూసెతందుకు వచ్చిండు సేటూ, కొట్టెతందుకు కాదు. సమ్మెట మా నాయినది, ఫోటోకు పట్టుకున్నడు. మా నాయిన చేతులు చూడు, ఖాళీగున్నయి."

అతను నవ్వాడు. నాతో మాట్లాడటం మానేసి, "మేడం, మీ అమ్మకు చాయ్ తెప్పియ్యున్రి. పొద్దుగూకెవరకు నాకు ఫోటో రావాలె" అని లేచిపోయాడు.

బిడ్డ కుర్చీ నా వైపు తిప్పింది. "నేను కాదంటే తాండూర్ల ఇంకోడు చేస్తడమ్మా. నువ్వు పరేషాన్ గాకు. అసలుది కింద అట్లనే ఉంటది, చూడు" అంది. తెర పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే మా నాయన లేడు. మళ్లీ నొక్కితే ఉన్నాడు. లేడు, ఉన్నాడు. "ఒత్తకే ఇగ, ఆటలాడుతున్నవా?" అని డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి ఫోటోలో సేటు ఒక్కడే గనిలో నిలబడి తాండూరు పోయాడు.

కొన్నాళ్లకు బిడ్డ కాగితంలో చుట్టిన ఫ్రేము తెచ్చి నా ఒడిలో పెట్టింది. విప్పాను. ఎవడో మనిషి. గోధుమ రంగు చర్మం, నోట్లో మల్లెపూల వంటి పండ్లు, దువ్విన మీసం, వెనక పచ్చటి తోట. రెండు చెవులూ కనిపిస్తున్నాయి.

"ఎవడే వీడు?"

"తాతనే, అమ్మా. ఫోటోల ముఖం కంది గింజంతనే ఉండె. పెద్దగ చేస్తే మిగిలింది కంప్యూటరే నింపింది."

"కంప్యూటర్ చూసిందా మా నాయినను?"

బిడ్డకు ఏడుపొచ్చింది. "ఉన్నదున్నట్టు పెద్దగ చేస్తే కండ్లు, ముక్కు ఏం కనపడయమ్మా. మచ్చలే ఉంటయి" అంది.

"మచ్చలే ఇయ్యి" అన్నాను. సేటు చేసింది దొంగతనం, అది తెలుస్తూనే ఉంది. నా బిడ్డ ప్రేమతో తెచ్చిన ఈ తెల్లపండ్ల మనిషిని చూస్తే మాత్రం, పెండ్లిలో పక్కవాడి ఎంగిలాకు ముందు కూర్చోబెట్టినట్టయింది.

మర్నాడు మొత్తం ఫోటో, ఏమీ ముట్టకుండా, అచ్చు వేసి తెచ్చింది. సేటు, సమ్మెట, కూలీలు, దుమ్ము. చివర మా నాయన; రుమాలు తెలుస్తుంది, ఖాళీ చేతులు తెలుస్తాయి, ముఖం మాత్రం బూడిద రంగు చుక్క. గోడకు నేనే మేకు కొట్టాను. బిడ్డ నా వెనక నిలబడి చాలాసేపు చూసింది. "గా చెవి ఎట్ల పోయిందమ్మా?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగినాక తాత గురించి అది అడిగిన మొదటి మాట. చెప్పాను. అన్నం చల్లారినా చెప్పాను.

ఇప్పటికీ ఆ చుక్కలో కండ్లెక్కడో, నోరెక్కడో నాకు తెలియదు. అవన్నీ కాలమే తిన్నది; మెల్లగా, ఎవరినీ గొప్పవాణ్ణి చేయడానికి కాకుండా తిన్నది, అందుకే కాలం మీద నాకు కోపం లేదు.