కొబ్బరికి తల్లివేరు

డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పే ప్రభుదాసు మాస్టారిది ఇరవయ్యేళ్ల నాటి నోట్సు. ఎడంచేత్తో కళ్లజోడు ఎగదోసుకుంటూ, దానితో సరిపోయిన ప్రతి జవాబుకీ ఎర్రపెన్నుతో టిక్కు పెడతారు. "కొబ్బరికి తల్లివేరు ఉంటుంది" అని అందులో ఎప్పుడో ఓ తప్పు పడింది. కొబ్బరితోటల్లో పెరిగిన పిల్లలంతా మొదటి పరీక్షలో అదే రాశారు. కెజియా ఒక్కతే ఉండదని రాస్తే, అలవాటుగా కొట్టేశారు.

ఆ పిల్ల పేపరు పట్టుకుని వచ్చింది. "తుఫానుకి మా చెట్టు పడిపోయిందండీ. వేళ్లు చూసేనండీ, అన్నీ పీచులాగే ఉన్నాయండీ."

అది నిజమని మాస్టారికీ తెలుసు. ఒప్పుకుంటే యాభైమంది మార్కులూ దిద్దాలి. "నోట్సులో ఉన్నదే రాయమ్మా," అన్నారు తలెత్తకుండా.

"ఆయ్," అని వెళ్లిపోయింది.

రెండో పరీక్షలో కెజియా కూడా తల్లివేరు ఉంటుందనే రాసింది. మాస్టారు పూర్తి మార్కులు వేశారు. ఆ సాయంత్రం ఇంటికెళుతూ దారిపొడుగునా ఒక్క కొబ్బరిచెట్టు వంకా చూడలేకపోయారు.