ప్రేమానందం గారి మోకాళ్లు

అమెరికాలోని శాంటా క్లారా ఊరు మొత్తం మీద ప్రేమానందం గారికి నచ్చేలా వేసిన కుర్చీ గానీ, పోసిన మంచినీళ్లు గానీ, తీసిన తలుపు గానీ ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక లోటు పట్టుకుంటారు. పట్టుకుని ఊరుకుంటారా అంటే అదీ లేదు. చూపుడువేలు పైకెత్తి "ఇదెక్కడి న్యాయం?" అంటారు. ఆ మాట తెలుగులో మొదలై, ఎదుటివాడికి అర్థం కాలేదని తెలిశాక ఇంగ్లీషులోకి దిగి, మేనేజరు వచ్చేదాకా ఆగదు.

ఆయన భార్య జ్ఞానమ్మ గారు ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ వేలు వెనకాల తల దించుకుని నిలబడుతున్నారు. ఆవిడ కడుపుమంట పోట్లాట గురించి మాత్రమే కాదు. అంత పోట్లాడి సాధించినదాన్ని ఆయన కనీసం వాడుకోరు! కిందటి నెల పళ్ల డాక్టరు దగ్గర, వెయిటింగ్ హాల్లో చలి చంపేస్తోందని గోల చేసి ఏసీ తగ్గింపజేశారు. తగ్గించగానే ఉక్కగా ఉందంటూ బయటికి వెళ్లి నిలబడ్డారు. అంతకుముందు విమానంలో దుప్పటి కోసం ఎయిర్ హోస్టెస్‌ని ఏడిపించినంత పని చేసి, తీరా అది వచ్చాక మడత కూడా విప్పకుండా పక్క సీటు వైపు తోసేశారు.

"కావాలన్నది మీరే కదండీ!"

"అప్పుడు కావాలి. ఇప్పుడక్కర్లేదు."

ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు చెప్పండి?

అటువంటాయన్ని తీసుకొచ్చి తెలుగు క్రైస్తవ సంఘానికి సెక్రటరీని చేశారు. ఎందుకంటే, వద్దని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సంఘానికి సొంత గుడి లేదు. కొరియన్ వాళ్ల చర్చిలో వాళ్ల ఆరాధన ముగిశాక, ఆదివారం రెండు గంటలకి తెలుగువాళ్లు కూడుకుంటారు. ఆ హాలు ఇంకో ఏడాది ఇవ్వాలా వద్దా అన్నది ఆ చర్చి పెద్ద, ఎల్డర్ చో అనే ఎనభై దాటిన ఆయన చేతిలో ఉంది. అదే హాలు ఇంకో రెండు సంఘాలు అడుగుతున్నాయి. ఈయన కాదన్నారా, అరవై కుటుంబాలూ మళ్లీ ఎవరిదో గ్యారేజీలో, గడ్డి కోసే మిషను పక్కన కీర్తనలు పాడుకోవాల్సిందే. ఆ ఎల్డర్ గారే సెక్రటరీ గారిని కుటుంబంతో సహా శనివారం టీకి పిలిచారు.

కార్లో జ్ఞానమ్మ గారు మాట తీసుకున్నారు.

"ఏవండీ, ఈ ఒక్క పూట నోరు మెదపకండి. మీకు దణ్ణం పెడతాను."

"నేనేమంటానే?"

"నాన్నా, ప్లీజ్. నో మేనేజర్ టుడే," అంది డ్రైవ్ చేస్తున్న కూతురు పర్సిస్.

"సరే, ప్రామిస్. టీ దగ్గర మాట్లాడను."

ఎల్ కామినో రోడ్డు మీద కొరియన్ దుకాణాల వరస ముందు కారు ఆగింది. పాతకాలపు పట్టుబట్టల కొట్టు, బియ్యప్పిండి మిఠాయిల కొట్టు, దాని పక్కన ఇత్తడి గిన్నెల కొట్టు. ఆ గిన్నెల కొట్టు ముందు, పచ్చళ్లు పెట్టుకునే నల్లటి జాడీలు నడుమెత్తు ఉన్నవి దారికి అడ్డంగా పేర్చి ఉన్నాయి. ప్రేమానందం గారి వేలు లేచింది.

"ఇదెక్కడి న్యాయం? మనుషులు నడిచే దారిలో జాడీలా?"

"ప్రామిస్ చేశారు!"

"టీ దగ్గర కదా చేసింది? ఇది రోడ్డు."

కొట్టతను బయటికొచ్చి, నాలుగు చీవాట్లు తిని, చెమటలు కక్కుతూ జాడీలు పక్కకి జరిపాడు. వెనకాల ఎవరో అమ్మాయి పిల్లవాడి బండి తోసుకుంటూ ఆ దారిన వెళ్లిపోయింది. ప్రేమానందం గారు మాత్రం రోడ్డు అంచునే నడిచారు. జ్ఞానమ్మ గారికి ఒళ్లు మండి, ఆయనకి పది అడుగులు ముందు నడిచారు.

టీ హౌస్ ఓనరు మిసెస్ యూన్ గుమ్మంలోనే వంగి నమస్కరించింది. సూటు వేసుకున్న ఎల్డర్ చో కూడా అక్కడే ఉన్నారు. అందరూ చెప్పులు విప్పి లోపలికి వెళ్లారు. కాగితపు తలుపులు, కిందనుంచి వెచ్చగా తగిలే నేల, పొట్టి బల్ల, చుట్టూ పరుపుల్లాంటి మెత్తలు.

"ఎల్డర్ గారు వస్తున్నారని పొద్దున్నుంచి ఈ గదే సర్దుతున్నాను," అంది మిసెస్ యూన్ మురిసిపోతూ.

పెద్దాయన కూర్చోనిదే మిగతావాళ్లు కూర్చోకపోవడం కొరియన్ల మర్యాద. పెద్దాయనేమో కూర్చోలేదు. గోడ మీదున్న కొంగ బొమ్మ దగ్గరికి వెళ్లి దాని గురించి చెప్పడం మొదలుపెట్టారు. రెక్కల గురించి చెప్పారు. ముక్కు గురించి చెప్పారు. కాళ్ల గురించి చెప్పి, మళ్లీ రెక్కల దగ్గరికి వచ్చారు. బొమ్మలో ఉన్నది ఒకటే కొంగ. అందరూ నిలబడే ఉన్నారు. మిసెస్ యూన్ చేతిలో వేణ్ణీళ్లు చల్లారిపోతున్నాయి.

"ఇదెక్కడి న్యాయం?"

జ్ఞానమ్మ గారు చెయ్యి పట్టుకుని ఆపబోయారు. అప్పటికే ఆయన ఇంగ్లీషులోకి దిగిపోయారు.

"అతిథుల్ని పిలిచి నేల మీద కూర్చోమంటారా? నా మోకాళ్లు అరిగిపోయాయి. ఒకటి కాదు, రెండూ! కుర్చీ వెయ్యకపోతే నాకు టీయే వద్దు. మేనేజర్ని పిలవండి!"

"నేనే మేనేజర్ని," అంది మిసెస్ యూన్. పాపం, ఆమె మొహం వాడిపోయింది.

జ్ఞానమ్మ గారికి హాలు పోయినట్టే అనిపించింది. గ్యారేజీ పెట్రోలు వాసన అప్పుడే ముక్కుకి తగిలింది. పైగా ఎంత అబద్ధం! బుధవారం ప్రార్థనలో ఆ మోకాళ్ల మీదే ఈయన గంటన్నర ఉంటారు. నిన్న కాక మొన్న వంటింటి సింకు కింద గొంతుక్కూర్చుని గొట్టం బిగించారు. చర్చి పెద్ద ఎదురుగా ఇలా బొంకడానికి నోరెలా వచ్చింది?

వెతగ్గా వెతగ్గా కౌంటరు దగ్గర ఆఫీసుల్లో వేసే చక్రాల కుర్చీ ఒక్కటి దొరికింది. ప్రేమానందం గారు దాన్ని ఊపి చూశారు. తిప్పి చూశారు. చివరికి పెద్దాయన వైపు తోశారు.

"మీరు పెద్దవారు. ముందు మీరు."

ఎల్డర్ చో మర్యాదకి ఒకసారి వద్దన్నారు, రెండోసారీ వద్దన్నారు. మూడోసారి అడగక ముందే కూర్చున్నారు. కూర్చుని, ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి వదిలారు. వెంటనే ప్రేమానందం గారు మెత్త మీద బాసింపట్టు వేసుకుని హాయిగా కూలబడ్డారు.

"అయ్యో, మీ మోకాళ్లు?" అంది మిసెస్ యూన్.

"తగ్గిపోయాయి. ఈ వెచ్చదనానికే! ఇంత మంచి నేల మా ఇంట్లో ఉంటే నాకసలు నొప్పే వచ్చేది కాదు."

వాడిన మొహం విప్పారింది. మళ్లీ నీళ్లు కాచడానికి ఆమె లోపలికి వెళ్లగానే, ఎల్డర్ చో కుడి మోకాలు నిమురుకుంటూ ముందుకి వంగారు.

"ఆపరేషనై నాలుగు నెలలైంది. కిందికి వంగలేను. ఆవిడ ఇంత ముచ్చటగా సర్దాక, కుర్చీ కావాలని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు."

"నాకు తెలియదండీ. నా మోకాళ్ల గోల నాది," అన్నారు ప్రేమానందం గారు కొంగ బొమ్మ చూస్తూ.

జ్ఞానమ్మ గారు నోరు తెరిచి భర్త వంకే చూస్తుండిపోయారు. ముప్పై ఒక్క ఏళ్లుగా తను తలొంచుకుని నేలకేసి చూస్తుంటే, ఈయన చూసేది ఇదా?

టీ వచ్చింది. ఆకు మీద పోసిన మొదటి నీళ్లు మిసెస్ యూన్ పద్ధతి ప్రకారం పారబోసింది. ప్రేమానందం గారి వేలు లేవబోయింది. జ్ఞానమ్మ గారు బల్ల కింద దాన్ని రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నారు.

రెండో కప్పు అయ్యాక ఎల్డర్ చో అన్నారు: "హాలు మీదే. కానీ ఒక షరతు. మా బిల్డింగ్ కమిటీలో మీరుండాలి. మావాళ్లంతా మొహమాటస్తులు, అందరికంటే నేను పెద్ద మొహమాటస్తుణ్ణి. మాకు కోప్పడే మనిషి కావాలి."

తిరిగి వస్తుంటే కార్లో జ్ఞానమ్మ గారు అడిగారు.

"ఆయనకి మోకాలు నొప్పని మీకెలా తెలిసిందండీ?"

"చెప్పులు విప్పేటప్పుడు గోడ పట్టుకున్నాడు. అయినా కాలు బావున్నవాడెవడైనా ఒక్క కొంగ గురించి అంతసేపు చెబుతాడా?"

ఆవిడ నవ్వబోయారు. తర్వాత మళ్లీ కడుపు మండింది.

"ఊళ్లో అందరి తరఫునా పోట్లాడతారు. ఇన్నేళ్లలో నా తరఫున ఒక్కసారైనా పోట్లాడారా?"

ప్రేమానందం గారు నిజంగానే ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగారు.

"నీకు నేనెందుకే? నీకు నోరుందిగా!"

సిగ్నల్ దగ్గర పర్సిస్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది. లైటు పచ్చరంగులోకి మారి వెనక బళ్లవాళ్లు హారన్ కొడుతున్నా, ఆ కారు కదలలేదు.