సంతోషమ్మ చూపించిన సమాధి

మా సంతోషమ్మ ప్రభువునందు నిద్రించినది. పెంతెకొస్తు పండుగకు ముందరి గురువారం ఉదయం నేను వాకిట్లో కూర్చొని కొర్రలు చెరుగుతూ ఉండగా, ఆమె కోడలు రూతు వట్టి కాళ్లతో పరుగెత్తి వచ్చి గడప దగ్గర నిలబడినది.

“పెద్దమ్మా, మా అత్త పాయ,” అన్నది.

“యాడికి పాయ?” అని అడిగినాను.

అట్లా అడిగినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. కాని సంతోషమ్మ ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండేది. ఎవరికో పురుడనీ, ఎవరికో జ్వరమనీ చెంగు బిగించి బయలుదేరేది. రూతు గడప మీద కూలబడి, “కాఫీ తాగి గోడకు ఆనుకొనింది పెద్దమ్మా. ఆనుకొనింది ఆనుకొన్నట్లే ఉండాది. పిలిస్తే పలకల్యా,” అని ఏడ్చినప్పుడు గాని నాకు తెలియలేదు. చేతిలోని చాట జారి కొర్రలన్నీ మట్టిపాలైనవి. వాటిని ఎత్తుకోవాలని కూడ నాకు తోచలేదు.

అప్పటికి ఆరు వారాలుగా నేను ఆమెతో మాట్లాడలేదు. ఈస్టరు నాడు కోపగించి లేచి వచ్చినదానను, ఆ కోపాన్ని ఇంట్లో పెట్టుకొని కూర్చొన్నాను. పెంతెకొస్తు నాడు గుడిలో కనబడుతుంది గదా, ఆ పూట నేనే ముందుగా పలకరిస్తానని అనుకొన్నాను. ఆ ఆదివారం వచ్చేసరికి ఆమె లేదు. నాలుగో తరగతితో బడి మానినదానను. రాయడం నాకు అలవాటు లేని పని. అయినా ఆమె ముఖాన చెప్పవలసిన మాట చెప్పకముందే ఆమెను మట్టిలో పెట్టినాము కాబట్టి, మన సంఘ పత్రికలో, ఆమెను ఎరిగిన మీ అందరి ముందర ఆ మాట చెప్పుకోవాలని కలం పట్టినాను.

మేమిద్దరం కడపలో మిషను బంగళా వెనకనున్న వీధిలో, ఒకే గోడకు చెరొక వైపున పెరిగినవాళ్లం. ఆమె నాకన్న రెండేండ్లు పెద్ద. ఆ మట్టిగోడలో ఒక రాయి ఊడి సందు పడి ఉండేది. వాళ్ల ఇంట్లో చెనక్కాయలు ఉడికితే ఆ సందులోనుంచి నాలుగు కాయలు మా ఇంటికి వచ్చేవి. మా ఇంట్లో చింతకాయ దంచితే ఒక ముద్ద ఆ పక్కకు పోయేది. ఈస్టరు వేకువలో వీధి చివరి బడేబీ గారి పుంజు కూయగానే, మాలో ఎవరు ముందుగా ఆ సందులో నోరు పెట్టి “ప్రభువు లేచినాడు!” అని అరుస్తారో వాళ్లకు ఆనాటి గెలుపు. రెండవవాళ్లు “నిజంగా లేచినాడు!” అని బదులు చెప్పి ఓడిపోయినట్లు ఒప్పుకోవాలి. నేను ఎంత వేకువన లేచినా ఆమే గెలిచేది. పుంజు కూయకముందే అరిచి, కూసింది, నువ్వు వినలేదు అనేది.

ముసలివాళ్లమైనా ఆ పందెం మానలేదు. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ముగిసిన తరువాత మేమిద్దరం ప్రహరీ నీడలో కూర్చొనేవాళ్లం. ఆమె పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు తెచ్చేది. అన్ని ఓళిగలకు అంత నెయ్యి ఎందుకని నేను కసిరేదానిని. ఆమె తింటూనే మా వీధి కథ మొదలు పెట్టేది.

“మా వాకిట్లో దానిమ్మ చెట్టు ఉన్యా గదా మ్మే మార్తీ, ఎన్ని కాయలు కాస్తాండె!”

“దానిమ్మ యాడిది? అది సీతాఫలం.”

“పోనీలే, నీకు సీతాఫలం, నాకు దానిమ్మ. ఒక చెట్టుకు రెండు తీర్ల కాయలు తిన్న్యాం. మంచిదే గదా.”

ఈ విధంగా ఆమె చెప్పడం, నేను దిద్దడం. వీధిలో ఎన్ని ఇండ్లు, ఏ ఇంటి మేక ఎవరి పందిరి తిన్నది, ఎవరి పెండ్లిలో దీపం ఆరిపోయినది, అన్నింటిలోను ఆమెకు తప్పులే. కాని ఆమె తప్పుగా చెప్పిన వీధి నేను సరిగా చెప్పిన వీధికన్న అందంగా ఉండేది. ఆ సంగతి నేనెప్పుడూ ఆమెతో అనలేదు.

ఆమె ముప్పై ఏండ్లు ఆడపిల్లల బోర్డింగులో ఆయాగా పని చేసినదని మీలో చాలమందికి తెలుసు. జమ్మలమడుగు వైపునుండి, ఆళ్లగడ్డ వైపునుండి చిన్నపిల్లలను తెచ్చి విడిచిపోయేవారు. ఆ బిడ్డలు మొదటి నెలంతా కిటికీలు పట్టుకొని ఏడ్చేవారు. ఒకసారి నేను బియ్యం కొలిచి ఇవ్వడానికి బోర్డింగుకు పోయినాను. అప్పుడు సంతోషమ్మ ఒక బిడ్డ తల దువ్వుతూ, “మీ అమ్మ పొద్దున ఈ దోవనే పాయ బిడ్డా. నా బిడ్డ తింటాండాదా అని అడిగె. కడుపునిండా తింటాండాదని చెప్తి. ఇప్పుడు నువ్వు తినకుంటే నేను అబద్ధాలకోరు అయితా,” అని చెబుతున్నది. ఆ బిడ్డ తల్లి ముప్పై మైళ్ల దూరంలో కూలి చేసుకొంటున్నది. బయటికి వచ్చిన తరువాత నేను ఊరకుండలేకపోయినాను.

“పసిబిడ్డతో అబద్ధం ఆడతావే, ప్రభువు వినడా?” అన్నాను.

“వింటాడు. ఆ బిడ్డ అన్నం తినేది గూడా చూస్తాడు లే,” అని ఆమె లోపలికి పోయినది.

నేను అబద్ధం సహించను. అది నా స్వభావం. ఆమె అటువంటిది అని తెలిసికూడ, నాతో మాత్రం అబద్ధమాడదని గట్టిగా నమ్మినాను.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. నాకు ఏడేండ్లప్పుడు మా వీధికి కలరా వచ్చినది. వారంలో తొమ్మిదిమంది పోయినారు. అందులో మా అమ్మ ఒకతె. మా నాయన కూడ అదే జబ్బుతో స్పృహ లేక పడి ఉన్నాడు. ఆడవాళ్లను, పిల్లలను సమాధుల తోటకు రానివ్వలేదు. సంతోషమ్మ నాయన, మరి ఇద్దరు కలిసి పీనుగులను మోసుకొని పోయి వరసగా పూడ్చినారు. గుంతలు తవ్విన మనిషి కూడ ఆ వారంలోనే పోయినాడు. తరువాత పెద్ద వానలు పడి మట్టిదిబ్బలన్నీ అణగిపోయినవి. బండలు పెట్టే స్తోమత ఎవరికీ లేకపోయె.

మన సంఘంలో ఈస్టరుకు ముందరి శనివారం ప్రతి ఇంటివారు తమ సమాధులను ఊడ్చి, సున్నం కొట్టి, పూలు పెట్టడం ఆచారం. మరుసటి ఏడు ఆ శనివారం అందరూ బక్కెట్లు పట్టుకొని పోతూ ఉంటే, మా అమ్మది ఏదో తెలియక నేను తోట వాకిట కూర్చొని ఏడ్చినాను. సంతోషమ్మ వచ్చి నా చేయి పట్టుకొన్నది. ఆమెకు అప్పటికి పది ఏండ్లు. “నాకు తెలుసు లేయ్. మా నాయన చూపించినాడు,” అని నన్ను తూర్పు గోడ దగ్గరకు తీసుకొని పోయి, ఒక గన్నేరు మొక్క పక్కనున్న దిబ్బను వేలితో చూపించినది. వాళ్ల బక్కెట్లో మిగిలిన సున్నమే ఇద్దరం కలిసి దానికి పూసినాము.

అప్పటినుండి యాభై ఏండ్లకు పైగా ప్రతి ఏడూ ఆ శనివారం మేమిద్దరం ఆ సమాధికి సున్నం కొట్టినాము. నేను సున్నం పలచగా కలిపితే, “మీ అమ్మకు నీళ్లు పూస్తాండావా, ఇంకో ముద్ద వెయ్ మ్మే,” అని ఎగతాళి చేసేది. నా భర్త ఉద్యోగం నిమిత్తం నేను కర్నూలులో ఉన్న ఆరేండ్లు ఆమె ఒక్కతే ఆ పని చేసి, ఈస్టరు మరునాడు నాకు కార్డు వేసేది. “మీ అమ్మకు సున్నం కొట్టినాను. గన్నేరు పూలు పెట్టినాను. ప్రభువు లేచినాడు.” ఇంతే ఉండేది. నేను, “నిజంగా లేచినాడు. సున్నం దండగ చేయవద్దు,” అని బదులు రాసేదానిని. కడపలో నాకు తల్లి ఉన్నదన్న ధైర్యం ఆ కార్డుతోనే వచ్చేది. పరాయి ఊళ్లో కష్టం వచ్చినప్పుడల్లా తూర్పు గోడ పక్కనున్న ఆ తెల్లని దిబ్బను తలచుకొని నిద్రపోయినాను.

ఈ ఈస్టరు నాడు ఓళిగలు తిన్న తరువాత నేను ఆమెతో ఇట్లన్నాను: “పాస్టరయ్యతో చెప్పినాను. నేను పోతే మా అమ్మ పక్కన ఉండే ఖాళీ జాగాలోనే నన్ను పెట్టల్లని. నా కొడుకుకు గూడా చెప్పినాను.”

సంతోషమ్మ చేతిలోని ముక్క కింద పెట్టినది. వేళ్లకు అంటిన నెయ్యి చెంగుకు తుడుచుకొన్నది. 

“ఆ మాట అనకుంటే నేను చెప్పకనే పోతాంటి మార్తీ,” అన్నది. “అది మీ అమ్మది అవునో కాదో నాకు తెల్దు.”

“ఏం మాట అది?”

“మా నాయనను అడిగితి. ఆ వరసలో యాడో ఉండాదిలే, ఎవరికి గుర్తుంటాది అనె. నువ్వేమో వాకిట్లో కూచొని ఏడుస్తాంటివి. ఏదో ఒకటి చూపించల్ల గదా అని ఏలు చూపిస్తి.”

“అబద్ధమాడి, యాభై ఏండ్లు నాతో ఎవరికో సున్నం కొట్టించినావా?”

“నేనూ కొడితి గదా మ్మే. ఎవరో దిక్కులేని తల్లికి కూతురువైనావులే.”

ఆమె నవ్వించాలని చూసినది. నాకు నవ్వు రాలేదు. నా గిన్నె తీసుకొని లేచినాను. ఆమె వెనకనుండి రెండుసార్లు పిలిచినది. ఆ తరువాత రూతు చేత రెండుసార్లు పచ్చడి పంపినది. నేను పచ్చడి తీసుకొని, గిన్నె తోమి, ఒక్క మాట కూడ చెప్పకుండా తిప్పి పంపినాను. ఆమె పంపిన చివరి వస్తువుకు నేను ఇచ్చిన జవాబు ఉత్త గిన్నె. 

సమాధి కార్యక్రమానికి ముందే ఎక్కడెక్కడినుండో ఆడవాళ్లు వచ్చి సమాధుల తోటలో చేరినారు. అందరూ ఒకప్పటి బోర్డింగు పిల్లలు. నా పక్కన నిలబడిన ఒకామె, నలుగురు బిడ్డల తల్లి, కొంగు నోట్లో పెట్టుకొని ఏడుస్తూ నాతో అన్నది: “మా అమ్మ ఆ దోవనే పాయ, నన్ను అడిగె అని ఆయమ్మ దినామూ చెప్తాండె. ఉత్తదే అని నాకు పెద్దయినాక తెలిసె. మా అమ్మ ఒక్కసారి గూడా రాల్యా. కానీ ఆయమ్మ చెప్పినందుకే నేను ఆడ బతికితి అవ్వా.”

 బోర్డింగులో ఆ బిడ్డ తల దువ్విన చేతిని, తోట వాకిట నన్ను లేపిన చేతిని ఒకేసారి చూసినట్లయినది. నాకు చెప్పినప్పుడు ఆమె కూడ పసిబిడ్డే గదా. పది ఏండ్ల పిల్ల ఒక తల్లిలేని పిల్లకు ఏమి ఇవ్వగలదు? తన దగ్గర లేనిదాన్ని పుట్టించి ఇచ్చినది. ఇచ్చి, అది నిజమో కాదో తెలియని బరువును తానొక్కతే మోస్తూ, యాభై ఏండ్లు నాతో కూడ వంగి సున్నం పూసినది.

గుంత ఎక్కడ తవ్వాలో ఆ ఇంటివారు ఇంకా తేల్చుకోలేదు. నేను ముందుకు పోయి, గుంతలు తవ్వే దావీదుకు తూర్పు గోడ పక్కనున్న ఖాళీ జాగా చూపించినాను.

“అది నీకని చెప్పింటివి గదమ్మా?” అని అతడు అడిగినాడు.

“ఈమెను పండుకోనీ అప్పా. మా అమ్మకు ఇంకో పక్క ఉండాది. నాకు ఆడ చాలు,” అన్నాను.

మా అమ్మకు అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అనలేదు. నోట్లోనుండి అట్లనే వచ్చినది.

సంతోషమ్మా, నీవు ఆడినది అబద్ధమని నేను నీ ముఖానే అన్నాను. ఆ మాట వెనకకు తీసుకొంటున్నాను. ఆరు వారాలు ఆలస్యమైనది; క్షమించు. నీవంటి మనసు, నీవంటి మనిషి మా వీధిలో మరల పుట్టలేదు. ఆ వీధిలో దానిమ్మ ఉన్నదని చెప్పేవారు ఇక లేరు. కాదు సీతాఫలమని నేను ఎవరితో కొట్లాడాలి?

ఈ పత్రిక చదివేవారిలో మా వీధి పాతవాళ్లు ఎవరైనా ఉండవచ్చు. కర్నూలులోనో, నంద్యాలలోనో, బిడ్డల దగ్గర కాలక్షేపం చేస్తూ ఉండవచ్చు. ఆ కలరా ఏట ఎవరిని ఏ చోట పెట్టినారో మీ పెద్దలు చెప్పగా మీకు గుర్తు ఉండవచ్చు. మీకు నాదొక మనవి. మా అమ్మను ఫలానా చోట పెట్టినారని నిశ్చయంగా తెలిసినా సరే, నాకు చెప్పవద్దు. కార్డు రాయవద్దు, మనిషితో కబురు పంపవద్దు. సంతోషమ్మ చూపించినదే మా అమ్మ సమాధి.