నంగనాచి అన్న మాట

మొన్న పావగడ బస్సులో ఒక ముసలామె తన కోడల్ని "నంగనాచి" అని తిట్టింది. ఆ మాట వినగానే నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

అమ్మ పోయిన ఏడాదికి నాన్న చిన్నమ్మను చేసుకున్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడల్లా మా అవ్వ "నంగనాచి" అని గొణిగేది.

"అంటే ఏందవ్వా?" అని ఒకరోజు అడిగాను.

"లోపల విషం పెట్టుకోని పైకి నవ్వేది" అంది అవ్వ. నేను నమ్మాను.

ఆ ఏడు వానల్లేక చెనక్కాయ చేలన్నీ ఎండిపోయాయి. ఊళ్లో బోరింగు కూడా ఆగిపోయింది. ఒక పొద్దున చిన్నమ్మ మైలు దూరంలోని తోట బావి నుంచి బిందెడు నీళ్లు మోసుకొచ్చి, సీకాయ కలిపి నన్ను పిలిచింది.

"రా పాపా, తలంతా దుమ్ముండాది."

"నువ్వు నంగనాచివి!" అని బిందెను కాలితో తన్నేశాను. నీళ్లన్నీ మట్టిలో ఇంకిపోయాయి.

ఆమె కొట్టలేదు. "కాలికేం తగల్లేదు కదా?" అని నా పాదం పట్టుకొని చూసింది. తర్వాత ఖాళీ బిందె ఎత్తుకొని మళ్లీ బావి దారి పట్టింది.

మరుసటి ఏడు చిన్నమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. కబురొచ్చిన రోజు అవ్వ కూడా "బంగారట్లా మనిషి" అని గుండెలు బాదుకుంది. నేను మూలన కూర్చుని ఉన్నాను.

నేను బిందె తన్నేసిన రోజు, రెండోసారి తెచ్చిన నీళ్లతో ఆమె నా తల రుద్దుతుంటే, "అమ్మా" అని పిలవాలనిపించింది. సిగ్గేసి ఊరుకున్నాను. ఇంకోరోజు పిలుద్దాంలే అనుకున్నాను.